బానెట్ కంటే ముందు కార్పెట్ ఎత్తాలి: గోదావరి డెల్టాలో పాత జపాన్ కూపే

పాత జపాన్ కూపే ఒకటి అమ్మకానికి ఉందని తెలిసి చూడ్డానికి వెళ్లినవాళ్లు ముందు బానెట్ ఎత్తమంటారు. సెల్ఫ్ కొట్టించి, రెండుసార్లు రేజ్ ఇప్పించి, సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి పొగ చూసి, "ఇంజన్ రాయిలా ఉందండి" అని తేల్చేస్తారు. జపాన్ ఇంజన్ మీద ఆ నమ్మకం తప్పేమీ కాదు. కానీ మా డెల్టాలో ఈ కార్లు మూలపడేది చాలావరకు ఇంజన్ పోయి కాదు. కాగితాలు సరిగా లేక కొన్ని, రేకు తుప్పు తినేసి కొన్ని షెడ్డులోనే ఆగిపోతాయి. 2012 నుంచి నా దగ్గర ఒక టయోటా సెలికా ఉంది. భీమవరం, పాలకొల్లు, తణుకు వైపు తెలిసినవాళ్లు ఎవరైనా ఇలాంటి బండి కొనబోతూ తోడు రమ్మంటే వెళ్తుంటాను. నేను చూసే వరస వేరు. ముందు సీ-బుక్కు, తర్వాత కార్పెట్ కింద రేకు, ఆ తర్వాత రబ్బరు, ఆఖర్న ఇంజన్. ఎందుకో వివరంగా చెబుతాను.

కూపే అంటే రెండు తలుపులు, కిందికి వాలిన వెనక అద్దం, పేరుకి మాత్రమే ఉండే వెనక సీటు. 1980ల చివరి నుంచి 2000ల మొదటి సగం దాకా జపాన్ కంపెనీలు వీటిని పోటీలు పడి తయారు చేశాయి. నిస్సాన్ సిల్వియా, స్కైలైన్, టయోటా సుప్రా, సెలికా, హోండా ప్రెల్యూడ్, ఇంటెగ్రా, మజ్డా ఆర్‌ఎక్స్-7 అన్నీ ఆ కాలానివే. సొంత దేశంలో అవి పాతబడ్డాక ధర పడిపోవడానికి ఒక కారణం అక్కడి తనిఖీ పద్ధతి. దాన్ని షాకెన్ అంటారు. కొత్త కారుకి మూడేళ్లకి, ఆ తర్వాత రెండేళ్లకోసారి చేయించాలి. ఖర్చు బాగా అవుతుంది. పదమూడేళ్లు దాటిన పెట్రోల్ కారుకి పన్ను కూడా పెరుగుతుంది. దాంతో బాగా నడిచే బండిని కూడా వేలానికి పంపేసి కొత్తది కొనుక్కుంటారు. ఆ వేలాల వీడియోలు చూసే మన కుర్రాళ్లు, "ఒకటి ఓడెక్కించి కాకినాడలో దింపుకుంటే పోలా" అంటుంటారు.

అలా కుదరదు. మన దేశంలో పాత కారు దిగుమతికి, అది తయారై మూడేళ్లు దాటకూడదు. స్టీరింగ్ కుడివైపే ఉండాలి. హెడ్‌లైట్లు ఎడమవైపు నడిచే దేశానికి సరిపోవాలి. వాడిన కారు ముంబై ఓడరేవు నుంచే రావాలి. వీటి మీద కారు ధరను మించిపోయే సుంకాలు. ఇక్కడే అమెరికాలో ఉన్న మన పిల్లలు పొరబడుతుంటారు. అక్కడి నియమం దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. వాళ్ల ప్రమాణాలకి తయారు కాని విదేశీ కారు 25 ఏళ్లు దాటితే తెచ్చుకోవచ్చు. అందుకే ఒకప్పుడు అక్కడ అమ్మని స్కైలైన్లు ఇప్పుడు టెక్సస్ రోడ్ల మీద కనిపిస్తాయి. అక్కడ 25 దాటాలి, ఇక్కడ మూడు దాటకూడదు. పైగా అక్కడ మామూలుగా అమ్మే కార్లన్నీ ఎడమ స్టీరింగ్‌వి. "మా అబ్బాయి డల్లాస్‌లో నిస్సాన్ 350జెడ్ నడుపుతున్నాడు, వచ్చేటప్పుడు తెచ్చుకుంటాడు" అని ఎవరైనా అంటే, అది జరిగే పని కాదని ముందే చెప్పేస్తాను. ఆశ పెట్టుకున్నాక చెబితే బాధ ఎక్కువ.

మరి ఇక్కడ తిరిగే కొద్ది కార్లూ ఎలా వచ్చాయి? కొన్ని కంపెనీలే తెచ్చి అమ్మాయి. నిస్సాన్ 370జెడ్ 2010లో, జీటీ-ఆర్ 2016 చివర్లో అలా వచ్చాయి. ఇంకొన్ని టీఆర్ (ట్రాన్స్‌ఫర్ ఆఫ్ రెసిడెన్స్) మీద వచ్చాయి. అంటే విదేశంలో కనీసం రెండేళ్లు ఉండి, ఏడాదైనా ఆ కారుని తన పేరున వాడి, శాశ్వతంగా తిరిగొచ్చేటప్పుడు సుంకం కట్టి తెచ్చుకునే పద్ధతి. నా సెలికా అలాంటిదే. విదేశంలో పనిచేసి వచ్చిన ఒక డాక్టరు గారు 2005లో తెచ్చి, ఏపీ 37 నంబర్‌తో రిజిస్టర్ చేయించారు. మూడో రకం బండ్లే ప్రమాదం. పర్యటన కోసం సుంకం లేకుండా తాత్కాలికంగా దేశంలోకి వచ్చి, తిరిగి వెళ్లాల్సినవి వెళ్లకుండా ఉండిపోయినవి. లేదా దొంగ కాగితాలతో ఎక్కడో దూర రాష్ట్రంలో నంబర్ వేయించుకుని చేతులు మారుతూ వచ్చినవి. 2025 సెప్టెంబర్‌లో కేరళలో కస్టమ్స్ వాళ్లు ఆపరేషన్ నుమ్‌ఖోర్ పేరుతో సోదాలు చేసి, భూటాన్ మీదుగా ఇలా తెచ్చారన్న ఆరోపణ మీద చాలా కార్లు స్వాధీనం చేసుకున్నారు. అలాంటి బండికి మీరు నాలుగో ఓనరైనా, ఐదో ఓనరైనా, పట్టుకుపోయేది మీ ఇంటి ముందు నుంచే.

కాబట్టి దిగుమతి కారుకి సీ-బుక్కు ఒక్కటే చూస్తే చాలదు. కస్టమ్స్ దగ్గర దాఖలు చేసిన బిల్ ఆఫ్ ఎంట్రీ, సుంకం కట్టిన రసీదు అడగాలి. "అవన్నీ పాత ఓనర్ దగ్గరున్నాయండి, పంపిస్తాడు" అంటే, పంపించాకే మాట్లాడదాం అని లేచి వచ్చేయాలి. బిల్ ఆఫ్ ఎంట్రీలో ఉన్న ఛాసిస్ నంబర్, సీ-బుక్కులో ఉన్నది, బండి రేకు మీద కొట్టి ఉన్నది, మూడూ ఒక్కో అక్షరం వేలితో పట్టుకుని పోల్చాలి. జపాన్ లోపలి మార్కెట్ కోసం తయారైన కార్లకి మనకి అలవాటైన 17 అక్షరాల నంబర్ ఉండదు. మోడల్ కోడ్, మధ్యలో అడ్డగీత, తర్వాత వరస సంఖ్య, అంతే. ఎగుమతి కోసం చేసినవాటికి 17 అక్షరాలు ఉంటాయి, మొదటి అక్షరం జపాన్‌ని సూచించే జె. తక్కువ అక్షరాలు ఉన్నంత మాత్రాన దొంగ బండి అనుకోనక్కర్లేదు. ఉండాల్సిన చోట లేకపోతేనే అనుమానం.

ఈ పోల్చడం ఎంత ముఖ్యమో నాకు 2020లో తెలిసింది. ఆ ఏడాది నా కారుకి పదిహేనేళ్లు నిండాయి, రెన్యువల్ చేయించాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు టార్చ్ వేసి రేకు మీది నంబర్ చదువుతుంటే నేను సీ-బుక్కు పట్టుకుని పక్కన నిలబడ్డాను. పదకొండో అక్షరం దగ్గర ఆయన ఆగారు. బండి మీద సున్నా ఉంది. సీ-బుక్కులో ఇంగ్లిష్ అక్షరం ఓ ఉంది. అసలు ఆ 17 అక్షరాల పద్ధతిలో ఓ అక్షరమే వాడరు, సున్నాతో కలిసిపోతుందనే. పాత రికార్డు కంప్యూటర్‌లోకి ఎక్కించినప్పుడు ఎవరో ఓ కొట్టేశారు. "ఇది దిద్దించుకుని రండి బాబూ, ఇలా ఉంటే నేను సంతకం పెట్టలేను" అన్నారాయన. ఆయన తప్పు లేదు. ఆ ఒక్క అక్షరం దిద్దడానికి పాత దస్త్రం వెతికించడం, అఫిడవిట్, డాక్టరు గారి ఇంట్లో అటక మీది నుంచి బిల్ ఆఫ్ ఎంట్రీ దింపించడం, మొత్తం ఏడు నెలలు పట్టింది. కరోనా కారణంగా కేంద్రం వాహన పత్రాల గడువులు పొడిగించడం నాకు కలిసొచ్చింది. లేకపోతే ఆ ఏడు నెలలూ బండి రోడ్డెక్కేది కాదు. ఆ రోజు సున్నాని చూసి నాకు పట్టిన టెన్షన్ ఇంకొకరికి రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

రెన్యువల్ ఫీజు కూడా కొనే ముందే లెక్కలో వేసుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన మామూలు కారుకి 5,000 రూపాయలు, దిగుమతి కారుకి 40,000 అయ్యింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటినవాటికి మళ్లీ పెంచారు. మామూలు కారుకి 10,000, దిగుమతి కారుకి 80,000. ఐదేళ్లకోసారి ఇది తప్పదు. ఆలస్యమైతే నెలకి 500 చొప్పున అదనం. చవగ్గా వస్తున్న పాత కూపేకి రెన్యువల్ తేదీ ఎప్పుడని అడగండి. చాలాసార్లు ధర తగ్గడానికి అసలు కారణం అక్కడే దొరుకుతుంది.

మా ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి ఉంది, యానాం. డెల్టా మధ్యలో ఉన్నా అది పుదుచ్చేరి. అక్కడ రోడ్డు పన్ను తక్కువ కావడంతో ఖరీదైన కార్లకి పీవై 04 నంబర్ వేయించడం ఎప్పటి నుంచో ఉంది. బండి చూస్తే కాకినాడలో ఉంటుంది, అడ్రస్ చూస్తే యానాం. చట్టం ప్రకారం ఒక రాష్ట్రం బండిని ఇంకో రాష్ట్రంలో ఏడాదికి మించి ఉంచితే అక్కడి నంబర్ తీసుకోవాలి, అక్కడి పన్ను కట్టాలి. ఎదుర్లంక వంతెన దాటితే మనకి పక్క ఊరు, చట్టానికి పక్క రాష్ట్రం. పీవై 04 కూపే కొనేవాళ్లు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని అక్కడి ఆర్టీవో ఇచ్చే పత్రం) తెప్పించి, ఆంధ్రలో లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుందో ముందే లెక్క వేయించుకుని, ఆ మొత్తం ధరలోంచి తగ్గించమని అడగాలి. నిజంగా యానాంలోనే కాపురం ఉన్నవాళ్లకి ఈ గొడవ లేదు.

ఇంజన్ మార్చిన బండి అయితే అది సీ-బుక్కులోకి ఎక్కిందో లేదో చూడాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద, కంపెనీ ఇచ్చిన అసలు లెక్కలకి విరుద్ధంగా మార్పులు చేయకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పెద్ద సైలెన్సర్, వెడల్పు చక్రాలు పెట్టించిన కూపేలు ఫొటోల్లో బాగుంటాయి. రెన్యువల్ రోజున అవన్నీ విప్పి పాత సామాను బిగించాలి. ఆ పాత సామాను ఓనర్ దాచి ఉంచాడా లేదా అన్నదే అడగాల్సింది.

ఇక నీళ్ల సంగతి. దీనికి ఎక్కువ చోటివ్వాలి, ఎందుకంటే ఇది పుస్తకాల్లో దొరకదు. వేరే ఊళ్ల నుంచి వచ్చిన సలహాలు ఇక్కడ సగమే పనిచేస్తాయి.

డెల్టాలో కారుకి తడి నాలుగు వైపుల నుంచి వస్తుంది. అంతర్వేది, ఓడలరేవు, కాకినాడ వైపు సముద్రపు గాలి. ఉండి, ఆకివీడు, భీమవరం చుట్టూ ఉప్పు చెరువులు. ముందు వెళ్లే చేపల లారీ, రొయ్యల లారీ నుంచి కారే నీళ్లు నేరుగా మన కారు అడుగుభాగానికి కొడతాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు గాలిలోనే తేమ. నీళ్లు ఒక్కటే అయితే ఎండకి ఆరిపోతాయి. ఉప్పు పట్టిన రేకు ఆరదు. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమర్చడం అందరూ చూసే ఉంటారు. రేకు మడతల్లో చేరిన ఉప్పు కూడా అంతే, గాలిలోంచి తేమ లాక్కుంటూ ఉంటుంది. పైకి కారు తళతళలాడుతుంటే లోపల పనిచేసుకుంటూ పోతుంది.

కూపేలో తుప్పు మొదలయ్యే చోట్లు దాదాపు అన్ని మోడళ్లకీ ఒకటే. వెనక చక్రాల పైన వంపు లోపలి అంచు, తలుపు కింద ఉండే గుమ్మం పట్టీ, ముందు షాకబ్జర్లు బిగించే గిన్నెలు, డిక్కీలో స్టెప్నీ పెట్టే గుంట. డిక్కీ తలుపు రబ్బరు, వెనక లైట్ల వెనక రబ్బరు గట్టిపడితే వాన నీళ్లు ఆ గుంటలోకే చేరతాయి. సన్‌రూఫ్ ఉంటే దాని నీళ్లు పోయే సన్నటి గొట్టాలు నాలుగు మూలల నుంచీ కిందికి వస్తాయి. మావిడి పూత, కొబ్బరి పీచు పడి అవి పూడుకుపోతే నీళ్లు కార్పెట్ కిందికి దారి వెతుక్కుంటాయి. అద్దం వైపర్ల కింద ఉన్న తొట్టె కూడా అంతే. చెట్టు కింద నిలిపిన కారైతే ముందు ఆ ఆకులు తీసి చూడండి.

రెండేళ్ల కిందట ఒక స్నేహితుడి కోసం ఒక టింకరింగ్ షెడ్డుకి వెళ్లాం. కొత్తగా ఎర్ర రంగు వేసిన కూపే, కింద అంతా నల్లటి అండర్‌బాడీ కోటింగ్ దట్టంగా కొట్టి ఉంది. చూడ్డానికి చాలా శుభ్రంగా ఉంది. నా స్నేహితుడు తలుపు తీసి, వేశాడు. ఆ చప్పుడులో ఇంకో చిన్న చప్పుడు వినిపించింది. మళ్లీ వేయమన్నాను. గుమ్మం పట్టీ లోపల నీళ్లు గలగలమన్నాయి, సగం నీళ్లున్న కొబ్బరికాయని చెవి దగ్గర ఊపినట్టు. మాతో వచ్చిన మేస్త్రి గారు పెద్దాయన, ఏమీ మాట్లాడకుండా కింద కూర్చుని, పట్టీ అడుగున వేలితో తడిమి చూసి, సన్నటి తీగతో ఒక చోట పొడిచారు. కోటింగ్ పొర చిట్లి, పలచటి టీ డికాక్షన్ రంగు నీళ్లు ధారగా వచ్చాయి. ఆగకుండా దాదాపు ఒక చెంబు నీళ్లు. ఆ నీళ్లు బయటికి పోవడానికే కంపెనీ అక్కడ రంధ్రాలు ఇచ్చింది. తుప్పు రాకుండా అని కోటింగ్ కొట్టినవాళ్లు ఆ రంధ్రాలు కూడా మూసేశారు. "రంగు బాగుంది బాబూ, దాని కింద రేకుందో లేదో చెప్పలేం" అన్నారు మేస్త్రి గారు. మేం తిరిగొచ్చేశాం.

ఆ రోజు నుంచి నేను ఏ కారు తలుపైనా రెండుసార్లు వేస్తాను. చిన్న అయస్కాంతం ఒకటి గుడ్డలో చుట్టి జేబులో ఉంచుకుంటాను. చక్రాల వంపుల మీద, గుమ్మం పట్టీల మీద అది పట్టుకోకుండా జారిపోతే అక్కడ రేకు కాదు, లప్పం ఉన్నట్టు. తర్వాత ముందు సీటు వెనక్కి జరిపి, కార్పెట్ అంచు పట్టుకుని ఎత్తాలి. కింద మందంగా దూది లాంటి పరుపు ఉంటుంది, దాన్ని అరచేత్తో గట్టిగా నొక్కి చూడండి. పైన కార్పెట్ పొడిగా ఉన్నా ఆ దూది నెలల తరబడి తడి పట్టుకుని ఉంటుంది. ఓనర్ కార్పెట్ ఎత్తనివ్వకపోతే ఇక బేరం అనవసరం.

వరదలో మునిగిన కారు వేరే వ్యవహారం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడలో చాలా కాలనీలు మునిగినప్పుడు కార్లు కూడా లెక్కలేనన్ని మునిగాయి. ఇన్సూరెన్స్ వాళ్లు పూర్తి నష్టం కింద రాసేసిన బండ్లని తుక్కు ధరకి కొని, కడిగి, ఆరబెట్టి మళ్లీ అమ్మేవాళ్లు ఉంటారు. గోదావరి లంకల్లో, ఏటిగట్టు పక్క ఊళ్లలో వరద ఎలాగూ వస్తుంటుంది. మునిగిన కారుకి ఎంత సెంటు కొట్టినా సీటు బెల్టు నిజం చెబుతుంది. బెల్టు ఆఖరి దాకా లాగి చూడండి. ఎప్పుడూ బయటికి రాని ఆ చివరి మూరెడు మీద బురద నీటి చార అడ్డంగా ఉంటుంది. సీటు కింద పట్టాల బోల్టులకి తుప్పు, డాష్‌బోర్డు కింద వైర్ల జాయింట్లలో పచ్చటి బూజు లాంటి పొడి కనిపించినా అంతే. గోదావరి ఒండ్రు పొలానికి బంగారం, కారు వైరింగ్‌కి విషం. ఆ కార్లు కొన్న రోజు బాగానే నడుస్తాయి. ఏడాది తర్వాత ఒక్కో లైటూ, ఒక్కో అద్దం మోటారూ చనిపోతూ వస్తాయి. మామూలు కారైతే సామాను దొరుకుతుంది. దీనికి జపాన్ నుంచి రావాలి.

రబ్బరు విషయంలో కిలోమీటర్లని కాదు, ఏళ్లని చూడాలి. "తక్కువ తిరిగిన బండండి" అనేది గొప్పగా చెప్తారు కానీ, పదేళ్లు షెడ్డులో నిలబడిన కారు రబ్బరు, రోజూ తిరిగిన కారు రబ్బరు కంటే అధ్వాన్నంగా ఉండొచ్చు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 3514 అని ఉంటే 2014లో 35వ వారం తయారైందని. గాడి ఎంత లోతున్నా ఆ టైరు తడి రోడ్డు మీద పట్టు ఇవ్వదు. రేడియేటర్ పైన ప్లాస్టిక్ తొట్టె నల్లగా ఉండాలి, గోధుమ రంగుకి తిరిగితే చిట్లే రోజు దగ్గరపడినట్టే. సుప్రా 2జేజెడ్, స్కైలైన్ ఆర్‌బీ26, 2001కి ముందటి ఇంటెగ్రా, ప్రెల్యూడ్ ఇంజన్లలో టైమింగ్ బెల్టు ఉంటుంది. ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క. హోండా వాటిలో అది తెగితే వాల్వులు పిస్టన్‌కి తగిలి వంగిపోతాయి. ఎస్‌ఆర్20 ఇంజన్ ఉన్న సిల్వియా, నా దానిలాంటి ఆఖరి తరం సెలికా, 370జెడ్‌లలో గొలుసు ఉంటుంది కాబట్టి ఆ భయం లేదు.

ఇప్పుడు కొత్తగా వచ్చిన చిక్కు పెట్రోలుతో. బంకుల్లో దొరికేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20. ఈ కార్లు తయారైన కాలంలో అంత ఇథనాల్‌ని దృష్టిలో పెట్టుకోలేదు. పాత రకం రబ్బరు గొట్టాలు దానికి మెత్తబడతాయి, ఉబ్బుతాయి. పాత బండ్లలో కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు 20,000 నుంచి 30,000 కిలోమీటర్ల తర్వాత మార్చాల్సి రావచ్చని 2025 ఆగస్టులో ప్రభుత్వమే తన వివరణలో చెప్పింది. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది కూడా. మా తేమలో ట్యాంకు సగం ఖాళీగా రెండు మూడు నెలలు కదలకుండా ఉంటే, ఇథనాల్ నీటితో కలిసి విడిపోయి అడుగుకి చేరే ప్రమాదం ఉంది. నేను ఇంజన్ దగ్గరి ఇంధన గొట్టాలన్నీ ఇథనాల్‌కి ఆగే విటాన్ రకానికి మార్పించాను. వానాకాలంలో ట్యాంకు నిండుగా ఉంచుతాను, వారానికోసారైనా ముప్పై కిలోమీటర్లు తిప్పుతాను. గొట్టాలు మార్చిన ఖర్చు చిన్నదే, వేడి ఇంజన్ మీద పెట్రోలు కారితే జరిగేది చిన్నది కాదు.

జపాన్ లోపలి మార్కెట్ టర్బో ఇంజన్లకి ఇంకో మాట. అవి అక్కడి హై-ఆక్టేన్ పెట్రోలుకి సరిచేసినవి, ఆక్టేన్ 100 దగ్గర ఉంటుంది. అంతకంటే తక్కువ పోసి మే నెల ఎండలో గట్టిగా తొక్కితే ఇంజన్‌లో నాక్ వస్తుంది, అంటే పెట్రోలు అదుపు తప్పి మండి టకటకమని కొడుతుంది. మంచి గ్రేడు పెట్రోలు ఎక్కడ దొరుకుతుందో చూసుకుని గానీ అలాంటి బండి జోలికి వెళ్లకూడదు.

ఆఖర్న ఇంజన్. చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. మీరు వచ్చేసరికే వేడెక్కించి ఉంచితే రేపు పొద్దున్నే వస్తానని చెప్పి వెళ్లిపోండి. నా సెలికాలో ఉన్నది 1.8 లీటర్ల 1జెడ్‌జెడ్ ఇంజన్. దీని మొదటి పిస్టన్లలో ఆయిల్ రింగు వెనక ఆయిల్ తిరిగి కిందికి పోయే రంధ్రాలు చిన్నవి. మసి పట్టి అవి పూడుకుపోతే, సిలిండర్ గోడ మీది ఆయిల్ కిందికి జారకుండా పెట్రోలుతో పాటు మండిపోతుంది. తర్వాత కంపెనీ పిస్టన్లు మార్చింది. ఈ ఇంజన్‌లో పట్టే ఆయిలే మూడున్నర లీటర్ల పైచిలుకు. అందులో లీటరు తగ్గినా తెలియకుండా తిప్పితే ఇంజన్ బోరుకొస్తుంది. నెలకి రెండుసార్లు గేజ్ తీసి చూడ్డం నాకు అలవాటు. అయితే ఇదే కుటుంబం ఇంజన్ 2003లో మన దేశంలో అమ్మిన టయోటా కరోలాలో వచ్చింది. ప్లగ్గులు, ఫిల్టర్లు, వాటర్ పంపు లాంటివి విజయవాడలోనే దొరుకుతాయి. పాత కూపే ఎంచుకునేటప్పుడు దాని ఇంజన్ చుట్టం ఎవరైనా మన దేశంలో అమ్ముడైన మామూలు కారులో ఉందా అని వెతకడం నేను ఇచ్చే గట్టి సలహా. రూపం సెలికాదే కానీ కడుపులో కరోలా ఉంది కాబట్టే నేను ఇన్నేళ్లు నెగ్గుకొచ్చాను.

370జెడ్ కొనేవాళ్లకి రెండు తెలిసిన జబ్బులు. గేర్‌బాక్స్ లోపల ఉండే క్లచ్ స్లేవ్ సిలిండర్ కారి, పెడల్ నేలకి అంటుకుపోతుంది. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ దింపాలి. ఇక మొదటి ఏళ్ల బండ్లలో ఇంజన్ ముందువైపు ఆయిల్ దారి గాస్కెట్ చిట్లి, వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. అందుకే అరగంట నడిపాక, ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ ఎంతుందో గేజ్ బిగించి కొలిపించాలి.

మజ్డా ఆర్‌ఎక్స్-8 గురించి అడిగేవాళ్లకి మాత్రం వద్దనే చెబుతాను. దాని రోటరీ ఇంజన్ అద్భుతమైన పనితనం, పిస్టన్లే ఉండవు. త్రికోణం లాంటి రోటర్లు రెండు తిరుగుతుంటాయి. వాటి కొసల దగ్గరి సీళ్లకి తడి కోసం ఆయిల్‌ని అది కావాలనే కొద్దికొద్దిగా తాగుతుంది. పూర్తిగా వేడెక్కకుండా ఆపేస్తే పెట్రోలు నిండిపోయి మళ్లీ స్టార్ట్ కాదు. ఇంటి నుంచి రైతు బజారుకి రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపే మన వాడకం దానికి సరిపడదు. దాని కంప్రెషన్ కొలవడానికి ప్రత్యేకమైన పరికరం కావాలి, మామూలు గేజ్‌తో తేలదు. డెల్టాలో ఏ షెడ్డులోనూ నాకు ఆ పరికరం కనిపించలేదు.

నడపడం గురించి కొంచెం. ఈ కార్ల అడుగు నేలకి జానెడు ఎత్తు కూడా ఉండదు. జాతీయ రహదారి 16 మీద తాడేపల్లిగూడెం నుంచి రావులపాలెం దాకా హాయిగా ఉంటుంది. 216 మీద చించినాడ వంతెన దాటి రాజోలు వైపు తెల్లవారుజామున వెళ్తే, ఈ కారు ఎందుకు కొన్నానో నాకు ప్రతిసారీ కొత్తగా తెలుస్తుంది. కానీ ఊళ్లోకి దిగితే స్పీడు బ్రేకర్లు, కాలవగట్టు రోడ్ల మీద ట్రాక్టర్లు చేసిన గాళ్లు, మధ్యలో గడ్డి మిట్ట. ఆ మిట్ట ఆయిల్ ఛాంబర్‌కి తగులుతుంది. స్పీడు బ్రేకర్‌ని ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కిస్తూ దాటాలి. కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు, గడ్డి ఆరబోస్తారు. ఆ గడ్డి వేడి సైలెన్సర్‌కి చుట్టుకుంటే పొగ వస్తుంది, అంటుకోవచ్చు కూడా. డిసెంబర్‌లో ఇంటికి రాగానే వంగి అడుగు చూసుకుంటాను. వానాకాలం చివర, వేసవికి ముందు, రెండుసార్లు కారు పైకి ఎత్తించి అడుగంతా మంచినీళ్లతో కడిగించి, గుమ్మం పట్టీల్లో నీళ్లు పోయే ఆ రంధ్రాలన్నీ తీగతో పొడిపించడం తప్పనిసరి.

ఇన్సూరెన్స్ దగ్గర ఆశలు తక్కువ పెట్టుకోవాలి. 1500 సీసీ దాటిన కారుకి థర్డ్ పార్టీ ప్రీమియం 2022లో 7,897 రూపాయలుగా నిర్ణయించారు, అది పెద్ద భారం కాదు. సొంత నష్టం పాలసీ ఇంత పాత కారుకి ఇవ్వడానికి చాలామంది ముందుకు రారు. ఇచ్చినా, ఐదేళ్లు దాటిన కారు విలువ మీరూ వాళ్లూ మాట్లాడుకుని ఒప్పుకున్నదే. క్లెయిమ్ వస్తే రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకి సగమే ఇస్తారు. కూపే ముందు బంపర్ మొత్తం ప్లాస్టిక్కే.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటుతుందని రెండు రోజుల ముందే హెచ్చరికలు వచ్చాయి. మా వీధి పల్లం, మోకాటి లోతు నీళ్లు కొత్త కాదు. ముందు రోజు సాయంత్రం మేస్త్రి గారు ఫోన్ చేసి, "బాబూ, బండి ఎక్కడ పెడుతున్నావ్" అని అడిగారు. మా బాబాయ్ వాళ్ల రైస్ మిల్లులో లారీలకి బస్తాలు ఎక్కించే అరుగు నడుమెత్తు ఉంటుంది, దానికి ఒక వైపు వాలు ఉంది. పలకలు వేసి, ఇద్దరు కుర్రాళ్లు పక్కన నిలబడి చెబుతుంటే, అంగుళం అంగుళం ఎక్కించి, బ్యాటరీ వైరు తీసేసి, తార్పాలిన్ కప్పకుండా వదిలేశాను. కప్పితే లోపల తేమ నిలుస్తుంది, గాలికి కొట్టుకుని రంగు గీసుకుపోతుంది. ఆ రాత్రంతా రేకులు కొట్టుకుంటున్న చప్పుడు వింటూ పడుకున్నాను. పొద్దున్నే వెళ్లేసరికి మిల్లు ఆవరణలో చీలమండ దాకా నీళ్లు, అరుగు మీద కారు, దాని మీద రెండు వేప కొమ్మలు. కొమ్మలు తీసి, తలుపు రెండుసార్లు వేసి విన్నాను. సీటు వెనక్కి జరిపి కార్పెట్ ఎత్తి, కింద దూదిని అరచేత్తో నొక్కాను. పొడిగా ఉంది.